ఇంటి మాట, బడి మాట: గిడుగు రామమూర్తి స్మారక ఉపన్యాసం

పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పే ఒక తెలుగు పంతులికి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట మీద మనసు పడింది. ఆ మాట నేర్చుకుందామంటే తెలుగువాళ్ల చేతికి అందే పుస్తకాలు లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన ఆ భాష పట్టుకున్నారు. దారులు సరిగా లేని మన్యంలో తిరిగారు, జ్వరాల పాలయ్యారు. జ్వరానికి వాడిన క్వినైన్ చెవులను దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడానికి కొండెక్కిన మనిషి ఆ పనిలోనే వినికిడి పోగొట్టుకున్నారు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి.

1863 ఆగస్టు 29న పుట్టి 1940 జనవరి 22న కన్నుమూసిన గిడుగును తెలుగువాళ్లు వాడుక భాషా ఉద్యమ సారథిగా తలుచుకుంటారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. అయితే ఆయన చేసిన ఇంకో పని గురించి సభల్లో తక్కువగా వినిపిస్తుంది. సవర నేర్చుకున్నాక ఆయన ఆ భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. పంతుళ్లకు జీతాలిచ్చి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి డబ్బు బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో మీరే ఒక మంచి బడి పెట్టి నడపండి అన్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది.

ఈ ఉపన్యాసం ఆ బడిపంతులు గిడుగుకు నివాళి. కొండ మీద ఆయన వేసిన బాట త్రిపురారం పొలాల దాకా ఎలా వస్తుందో చూడడమే దీని పని.

పసుపు బస్సు

నల్గొండ జిల్లా త్రిపురారం మండలం సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద బతికే నేల. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఆ తరువాత ఈ ప్రాంతం బతుకంతా వరి చుట్టూ అల్లుకుంది. ఇక్కడ పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. వడ్లు అమ్మగా వచ్చిన డబ్బులో చెప్పుకోదగ్గ వాటా చాలా ఇళ్లలో పిల్లల ఫీజులకు పోతోంది.

పొద్దున్నే పసుపు రంగు బస్సులు ఊళ్లకూ తండాలకూ వచ్చి పిల్లలను ఎక్కించుకుంటాయి. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఇదే దృశ్యం. బస్సుల పక్కన, బడి గోడల మీద ‘ఇంటర్నేషనల్’ అన్న మాట కనిపించడం ఇప్పుడు వింత కాదు. తాము అయిదో పదో చదివి ఆగిపోయిన తల్లిదండ్రులు, బిడ్డ ఇంగ్లిషులో గలగలా మాట్లాడితే చాలు గట్టెక్కినట్టే అనుకుంటారు. ఆ ఆశ న్యాయమైనది. ఇంజనీరింగు, మెడిసిన్, హైదరాబాద్‌లో కొలువు, అమెరికా చదువు, అన్నిటికీ ఆ భాష కావాలి. ఇంగ్లిషు ఎందుకని రైతుబిడ్డను అడిగే హక్కు ఎవరికీ లేదు. అడగవలసింది ఒక్కటే: ఆ ఇంగ్లిషు బిడ్డకు నిజంగా అందుతోందా?

ఆ బస్సులో తండా పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల ఇంటి భాష లంబాడీ. తమ మాటను వాళ్లు గోర్ బోలి అంటారు. అందులో తల్లిని ‘యాడి’ అని పిలుస్తారు. ఊరి తెలుగులో ‘యాడికి’ అంటే ఎక్కడికి అని. బడిలో మొదటి రోజు బెంగపెట్టుకుని ‘యాడీ’ అని ఏడ్చే అయిదేళ్ల పిల్ల అమ్మను పిలుస్తోంది. లంబాడీ రాని టీచరుకు, ఆ పిల్ల యాడికో పోతానంటోందని తోచే వీలుంది. టీచరు ‘యాడికీ పోవద్దు, కూర్చో’ అంటే ఆ పిల్ల చెవిన పడేది మళ్లీ అమ్మ మాటే. తెలుగు మాట్లాడే టీచరుకూ లంబాడీ మాట్లాడే బిడ్డకూ నడుమ ఉన్న దూరం ఈ ఒక్క మాటలోనే ఇంత కనిపిస్తే, ఆ పైన మూడో భాషలో ‘సిట్ డౌన్, కీప్ క్వైట్’ అని వినపడినప్పుడు ఆ బిడ్డకు మిగిలేది ఏమిటో ఊహించుకోవచ్చు. నోరు మూసుకోవడం ఒక్కటే మిగులుతుంది. బడిలో ఆ పిల్ల నేర్చుకునే మొదటి పాఠం అదే అవుతుంది.

మూడు మాధ్యమాలు చూసిన జిల్లా

నల్గొండ బడికి భాష మారడం కొత్త కాదు. నిజాం కాలంలో ఉర్దూది పైచేయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. దేశభాషలో వైద్యం, ఇంజనీరింగు కూడా చెప్పవచ్చని అది చూపించింది. అయితే నల్గొండ పల్లెల్లో పిల్లవాడి ఇంటి మాట ఉర్దూ కాదు. 1921 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మరుసటి ఏడాదే నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. ఆ సంఘం బాటలోనే వచ్చిన ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో ఈ జిల్లా దేవరకొండలోనే బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. తల్లిభాషలో పిల్లల చదువు ఆ తరం గట్టిగా అడిగిన కోరికల్లో ఒకటి.

ఆ కోరిక తీరింది. తెలుగు బడి వచ్చింది. రెండు తరాలు గడిచేసరికి గాలి మళ్లీ మారింది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. దానితోపాటే ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే రెండు భాషల పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. అంతకు నాలుగేళ్ల ముందే, 2018లో చేసిన చట్టం, ఏ బోర్డు బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందేనని నిర్ణయించింది. కాగితం మీద చూస్తే ఇవాళ ప్రతి బడీ రెండు భాషల బడే.

ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు: ఈ మూడు మార్పుల్లోనూ పోట్లాడినవాళ్లు పెద్దలు, తేల్చినవాళ్లు పెద్దలు. ప్రతిసారీ ఎవరో ఒక బిడ్డ ఇంటి మాట గడప బయటే ఉండిపోయింది. తెలుగు గెలిచిన రోజున కూడా తండా బిడ్డ మాట బయటే ఉంది. 2018లో పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. సర్పంచి కుర్చీ తండాకు వచ్చింది. బడి నల్లబల్ల మీదికి తండా మాట ఇంకా రావలసి ఉంది.

దాన్ని రప్పించడానికి ఒక మంచి ప్రయత్నం మాత్రం జరిగింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహుభాషా విద్య పేరుతో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారయ్యాయి. లిపి తెలుగుదే, మాట మాత్రం పిల్లలదే. ముందు ఇంటి భాషలో చదవడం, తరువాత తెలుగు, ఆ వెనక ఇంగ్లిషు అన్నది పద్ధతి. సవర అందులో ఉండడం గిడుగుకు నూరేళ్ల తరువాత అందిన జవాబు. బంజారా, అంటే తండాల లంబాడీ, అందులో ఉండడం త్రిపురారం లాంటి మండలాలకు అందివచ్చిన దారి.

రిషీవ్యాలీ నిచ్చెన

పిల్లవాణ్ని నడుమ పెట్టుకుని బడి నడపడమంటే ఏమిటో తెలుగు నేల మీదే చూడాలంటే మదనపల్లె వెళ్లాలి. ఆ ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో దగ్గరలోని లోయలో వెలిసిన రిషీవ్యాలీ బడి పేరు దేశమంతా తెలుసు. అది ఇంగ్లిషు మాధ్యమం, హాస్టల్ బడి. దాని పక్కనే, అదే లోయలో, పల్లె పిల్లల కోసం తెలుగులో సాగిన పని ఇంకా పెద్దది. వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు అక్కడి గ్రామీణ విద్యా కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేసి, చుట్టుపక్కల ఊళ్లలో చిన్న చిన్న బడులు నడిపారు.

వాళ్ల ముందున్న చిక్కు ప్రతి పల్లెకూ తెలిసిందే. ఒక గది, ఒకరో ఇద్దరో టీచర్లు, అయిదు తరగతుల పిల్లలు. ఒకటో తరగతికి చెబుతుంటే మూడో తరగతి గోల చేస్తుంది. నారు పీకేటప్పుడు నాలుగు రోజులు రాని పిల్ల తిరిగొచ్చేసరికి పాఠం దాటిపోయి ఉంటుంది. దానికి వాళ్లు కనిపెట్టిన మందు నేర్చుకునే నిచ్చెన. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్ల తానే చూసుకుంటుంది, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. కొత్త సంగతి అయితే టీచరు పక్కన కూర్చుంటుంది. కొంచెం పట్టుబడ్డాక తోటి పిల్లల గుంపులోకి పోతుంది. బాగా వచ్చాక ఒంటరిగా చేస్తుంది. నాలుగు రోజులు రాకపోతే అయిదో రోజు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. వెనకబడిన పిల్ల అన్న మాటకే అక్కడ చోటు లేదు.

ఈ కార్డుల పెట్టెను ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అన్నారు. దాన్ని చూసివచ్చిన కర్ణాటక టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకాలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి, కొద్ది ఏళ్లకే తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ ఆ పద్ధతి పాకింది. తెలుగు పల్లెలో, తెలుగు అట్టముక్కల మీద పుట్టిన ఆలోచన రెండు పొరుగు రాష్ట్రాలు దాటింది. పెద్ద భవంతి, ఏసీ గది, విదేశీ సిలబస్ ఏదీ లేకుండానే అది జరిగింది.

రెండు భాషలు ఎలా కలుస్తాయి

రెండు భాషలు నేర్పితే బిడ్డ బుర్ర మీద బరువు పడుతుందని ఒకప్పుడు ప్రపంచమంతా నమ్మింది. 1962లో కెనడాలోని మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు పదేళ్ల పిల్లలను పరీక్షించి చూశారు. ఫ్రెంచి, ఇంగ్లిషు రెండూ బాగా వచ్చిన పిల్లలు ఒక్క భాషే వచ్చిన పిల్లల కంటే మెరుగ్గా చేశారు. మన పక్కనే ఒడిశాలో కోంధ్ పిల్లల మీద అజిత్ మొహంతి చేసిన పనిలోనూ అదే తేలింది. ఇంట్లో కుయి భాష నిలుపుకుని ఒడియా కూడా నేర్చుకున్న పిల్లలు, కుయి పోగొట్టుకుని ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లల కంటే ముందున్నారు.

నైజీరియాలోని ఇఫేలో 1970లో ఒక ప్రయోగం మొదలైంది. ఆరేళ్ల ప్రాథమిక చదువంతా యొరుబా భాషలో చెప్పి, ఇంగ్లిషును ఒక సబ్జెక్టుగా ఆ భాష బాగా వచ్చిన టీచర్లతో చెప్పించారు. మొదటి నుంచీ ఇంగ్లిషు వైపు తోసిన పిల్లల కంటే ఈ పిల్లలు వెనకబడలేదు, ఇంగ్లిషులో కూడా. దీనికి కారణం జిమ్ కమిన్స్ అనే పండితుడు వివరించాడు. ఆటస్థలంలో మాట్లాడుకునే భాష రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం చదివి, ఆలోచించి, రాయగలిగే భాషకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఒక భాషలో ‘భిన్నం’ అంటే ఏమిటో అర్థమైన బిడ్డ, రెండో భాషలో ఆ పేరు మాత్రమే నేర్చుకుంటే సరిపోతుంది. ఏ భాషలోనూ భిన్నం అర్థంకాని బిడ్డకు ఎన్ని పేర్లు నేర్పినా శబ్దాలే.

ఈ మాట పట్టుకుని చూస్తే మన రెండు భాషల పుస్తకం వాడకంలో జరిగే పొరపాటు ఏమిటో తెలుస్తుంది. చాలా తరగతుల్లో టీచరు ఇంగ్లిషు వాక్యం ఒకటి చదివి, వెంటనే తెలుగులో అర్థం చెప్పి, మళ్లీ ఇంకో వాక్యానికి పోతారు. పిల్లలు తెలివైనవాళ్లు. వెనకాలే తెలుగు వస్తుందని తెలిశాక ఇంగ్లిషు వాక్యం వినడమే మానేస్తారు. ఏడాది గడిచేసరికి ఇంగ్లిషు రాదు, తెలుగులో పాఠం రాదు. పాఠం ముందు పది నిమిషాలు ఇంటి మాటలో కబుర్లు చెప్పి, విషయం తెలిసేలా చేసి, ఆపైన పాఠం ఇంగ్లిషులో నడిపి, చివర ఎవరి మాటల్లో వాళ్లు తిరిగి చెప్పేలా చేస్తే రెండు భాషలూ నిలబడతాయి. దీనికి కావలసింది ఓపిక, ముందు రోజు తయారీ. ఖర్చు లేదు.

వడ్ల లెక్క

అయిదో తరగతిలో శాతాల పాఠాన్ని తీసుకుందాం. పుస్తకంలో ఒక దుకాణంలో చొక్కా మీద తగ్గింపు ఎంతో కనుక్కోమని ఉండొచ్చు. త్రిపురారంలో శాతం అన్న మాట పిల్లల ఇళ్లలో కోతల కాలంలో రోజూ వినపడుతుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసిన రైతు అడిగే మొదటి మాట, ‘తేమ ఎంత వచ్చింది?’ తేమ 17 శాతం దాటితే వడ్లు నిబంధనకు నిలవవు. మళ్లీ ఎండబోసుకోవాలి.

టీచరు ఒక పిల్లవాణ్ని దోసెడు పచ్చి వడ్లు తెమ్మంటుంది. 100 గ్రాములు తూచి పళ్లెంలో పోసి వరండాలో ఎండకు పెడతారు. మధ్యాహ్నం అన్నాల గంటకు ఒకసారి, బడి వదిలే ముందు ఒకసారి తూస్తారు. ఎన్ని గ్రాములు తగ్గితే అంత నీరు పోయినట్టు. 100 మీద ఎంత తగ్గిందో అదే శాతం. బల్ల మీద ఉన్న గింజల్లోంచి శాతం పుట్టింది. ఇంకా తేమ మిగిలే ఉంటుందా, ఎంత ఎండితే చాలు, కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ ఎలా కొలుస్తుంది అన్న ప్రశ్నలు పిల్లలే వేస్తారు.

మరుసటి రోజు తరుగు లెక్క. బస్తాకు 40 కిలోలు. తరుగు పేరుతో బస్తాకు 2 కిలోలు తీస్తే 100 బస్తాలకు ఎంత పోతుంది? 200 కిలోలు, అంటే 2 క్వింటాళ్లు. ఆ లెక్క చేసిన పిల్లవాడు ఇంటికి పోయి నాయనకు చెబుతాడు. ఆ ఇంట్లో చదువు మీద గౌరవం ఆ రాత్రి కొంచెం పెరుగుతుంది. మూడో రోజు మిల్లు లెక్క. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలని సర్కారు కొలత. మిగతాది ఊక, తవుడు. ఊక ఏమవుతుంది, తవుడు నుంచి నూనె ఎలా వస్తుంది, మిర్యాలగూడ మిల్లు పొగ ఎటు పోతుంది: లెక్కల్లోంచి సైన్సు, సైన్సులోంచి సాంఘిక శాస్త్రం.

ఇంతసేపూ మాట ఇంటి భాషలో సాగింది. ఇప్పుడు మాయిశ్చర్, పర్సెంటేజ్, వెయిట్ లాస్, అవుట్‌పుట్ అన్న ఇంగ్లిషు మాటలు బల్ల మీదికి వస్తాయి. పిల్లలు తాము చేసిందే ఆరు ఇంగ్లిషు వాక్యాల్లో రాస్తారు. ఆ మాటలకు వాళ్ల చేతుల్లో గింజల వాసన ఉంది, అందుకే మర్చిపోరు. ఇదే మండలంలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఒక్క పూట అక్కడికి తీసుకుపోతే, విత్తనం మీద పనిచేసే శాస్త్రవేత్తలు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అదే సంగతి చెబుతుంటే పిల్లలు వింటారు.

తండా పిల్లలకూ ఇలాంటి పాఠం ఇంటి దగ్గరే ఉంది. తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. విత్తనం మొలకెత్తడం మీద సైన్సు పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఏ బడిలో ఉంది? ఆ పాఠం రోజున తరగతిలో అందరికంటే ఎక్కువ తెలిసిన పిల్ల, మొదటి రోజు ‘యాడీ’ అని ఏడ్చి నోరు మూసుకున్న పిల్లే కావచ్చు.

అంతర్జాతీయం ఇక్కడే ఉంది

‘ఇంటర్నేషనల్ స్కూల్’ అన్న మాటకు ఒక పుట్టుక ఉంది. 1924లో జెనీవాలో, నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన బడి ఆ పేరుతో వచ్చిన మొదటి బడుల్లో ఒకటి. వేరువేరు దేశాల పిల్లలు కలిసి చదివిన ఆ బడి మొదటి నుంచీ ఫ్రెంచి, ఇంగ్లిషు రెండు భాషల్లో నడిచింది. అక్కడి అనుభవం నుంచే 1968లో జెనీవాలో ఇంటర్నేషనల్ బాకలారియేట్ ఏర్పడింది. ఎక్కడివాళ్లు అక్కడి మాట వదులుకోకుండా ఇంకొకరి మాట నేర్చుకోవడం ఆ బడుల మూలసూత్రం. పేరు తెచ్చుకున్నవాళ్లు ఆ సూత్రం కూడా తెచ్చుకోవాలి.

ఆ మాటకొస్తే, కృష్ణ ఒడ్డున అంతర్జాతీయ చదువు జెనీవా కంటే ఎంతో పాతది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల విజయపురిలో, ఇవాళ నాగార్జునకొండ అంటున్న చోట, సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు విహారముండేది. ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనం తామ్రపర్ణి ఆచార్యులను తలుచుకుంటూ కశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన, ద్రవిడ దేశాల పేర్లు వరసగా చెబుతుంది. త్రిపురారం పొలాలకు నీళ్లిచ్చే జలాశయం అడుగునే ఆ నగరం ఉంది. ముంచే ముందు తవ్వి తీసిన శిల్పాలు, శాసనాలు మ్యూజియంలో ఉన్నాయి. తన పొలంలో పారే నీళ్ల కింద ఇన్ని దేశాలు కలిసిన ఊరు ఉందని ఎడమ కాలువ బిడ్డకు ఏ తరగతిలో చెబుతున్నారు?

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. వేల మైళ్ల అవతల జనం చూసిన రాతిని పక్క మండలం పిల్లలు చూడకపోతే అది బడి చేసిన లోపమే.

ఇంకో ఉదాహరణ నీళ్లది. నల్గొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. వంకర్లు పోయిన ఎముకలు, గార పట్టిన పళ్లు ఈ జిల్లా పశ్చిమ మండలాల్లో తరాల బాధ. ఆ నీళ్లను సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరుతో శుభ్రం చేసే పద్ధతిని 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. ఆ పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లో ఫ్లోరైడ్ నీళ్ల మీద పనిచేసేవాళ్లకు మన జిల్లా పేరు తెలుసు. ఒక గాజు గ్లాసు మురికి నీళ్లు, చిటికెడు పటిక ఉంటే ఏడో తరగతిలో ఆ పాఠం మొదలవుతుంది. ఆఫ్రికా పటం తీసి ఆ దేశాలు వెతకడంతో అది భూగోళ పాఠమవుతుంది. ఆ దేశాల్లో అదే వయసు పిల్లలకు ఇంగ్లిషులో ఒక ఉత్తరం రాస్తే అది భాషా పాఠమవుతుంది. అంతర్జాతీయ విద్యకు ఇంతకు మించిన సిలబస్ కొనితెచ్చుకోనక్కర్లేదు.

బిడ్డ అంటే మార్కులొక్కటే కాదు

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చదివినవాళ్లు తక్కువ. పాఠ్యప్రణాళిక బిడ్డ సర్వతోముఖ వికాసానికి తోడ్పడాలని, చదువు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలకు అనువైన పద్ధతిలో సాగాలని, భయం లేకుండా మనసులో మాట చెప్పగలగాలని, వీలైనంతవరకు తల్లిభాషలో బోధన ఉండాలని అందులో ఉంది. 17వ సెక్షన్ బిడ్డను కొట్టడాన్ని, మనసు నొప్పించి వేధించడాన్ని నిషేధించింది. ఇవన్నీ ఖరీదైన బడుల బ్రోచర్లలో కొత్త సదుపాయాల్లా అచ్చవుతున్నాయి. చట్టం వీటిని తండా బడిలోని బిడ్డకు కూడా హక్కుగా ఇచ్చింది.

తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం మీద రాసిన జపాను పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా చాలా ఇళ్లకు చేరింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులైన తోమోయె బడిలో చేరిన మొదటి రోజు, హెడ్మాస్టరు కొబయాషి చిన్నారి తెత్సుకో చెప్పే కబుర్లు నాలుగు గంటలు కూర్చుని విన్నారు. అంతకుముందు ఆ పిల్లను ఇంకో బడి అల్లరిపిల్ల అని పంపేసింది. 1945లో బాంబుదాడిలో ఆ రైలు పెట్టెలు కాలిపోయాయి. ఆ నాలుగు గంటలు మాత్రం ఆ పిల్ల జీవితాంతం గుర్తుపెట్టుకుంది. సవరల మాట విన్న గిడుగు, అల్లరిపిల్ల మాట విన్న కొబయాషి, ఇద్దరూ చేసింది ఒకే పని.

ఆ పనికి మన బడుల్లో సమయం ఉందా అన్నది చూసుకోవాలి. ఉదయం బస్సులో గంట, సాయంత్రం గంట, నడుమ ఎనిమిది పీరియడ్లు, ఇంటికొచ్చాక ట్యూషన్. చిర్రగోనె ఆడే పొద్దు లేదు, అవ్వ దగ్గర కథ వినే రాత్రి లేదు. బతుకమ్మ పేర్చడంలో గునుగు, తంగేడు, బంతి వరసలు వేసే చేతికి జ్యామితి ఉంది, పాటకు చప్పట్లు కలిపే ఒంటికి లయ ఉంది. వారానికి ఒక పూట ఊళ్లోని అవ్వను, తండాలో కుట్టుపని తెలిసిన తల్లిని బడికి పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు. ఇంటి మాట బడిలోకి గౌరవంగా రావడానికి అది అన్నిటికంటే దగ్గరి దారి.

ఈ ఏడు చేయదగ్గవి

త్రిపురారం, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ తల్లిదండ్రులకు ఒక విన్నపం. బిడ్డను చేర్చే ముందు బడి భవనం, బస్సు, ఫీజు చూస్తారు. ఒక్క అరగంట ఒకటో తరగతి గుమ్మం దగ్గర నిలబడి కూడా చూడండి. పిల్లలు ప్రశ్నలు వేస్తున్నారా, లేక టీచరు చెప్పింది గొంతు కలిపి అంటున్నారా? తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే బడి అయితే, అది ఇంగ్లిషు బాగా నేర్పుతుందన్న భ్రమ వదులుకోండి. తెలుగు టీచరుకూ ఇంగ్లిషు టీచరుకూ ఒకే గౌరవం, ఒకే జీతం ఉన్నాయా అని అడగండి. రాత్రి అన్నం తినేటప్పుడు ఇవాళ ఏం నేర్చుకున్నావో మన మాటలో చెప్పమని బిడ్డను అడగండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టు.

బడి నడిపేవాళ్లకు ఇంకో విన్నపం. ఒకటి, రెండు తరగతులకు మీ దగ్గరున్న వాళ్లలో అందరికంటే అనుభవమున్న టీచరును పంపండి. చిన్నపిల్లలకు ఎవరైనా చాలనుకోవడం మానండి. తండా పిల్లలున్న తరగతిలో లంబాడీ వచ్చిన ఒక టీచరో, ఆయమ్మో తప్పకుండా ఉండేలా చూడండి. 2004 నాటి బంజారా పుస్తకాలు ఏ బీరువాలో ఉన్నా తీసి దుమ్ము దులపండి.

గిడుగు ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ తరువాతే సవర పిల్లలకు పంతులయ్యారు. జూన్‌లో బడులు తెరిచేలోగా తండా పిల్లల టీచర్లు యాభై లంబాడీ మాటలు నేర్చుకుంటే చాలు, ఆయనకు ఇంతకంటే తగిన నివాళి ఉండదు. యాడి అంటే అమ్మ. పాణి అంటే నీళ్లు. బాటి అంటే రొట్టె. మిగతా నలభై ఏడు పిల్లలనే అడిగి రాసుకోండి.